అలాంటిదేం లేదండీ

మా అక్కకి రొమ్ములో గడ్డ బయటపడ్డాక మొదటిసారి పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు, ఆయన కంప్యూటర్ మీద నుంచి తలెత్తకుండానే "ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా?" అని అడిగాడు. మా అమ్మ ఒక్క క్షణం ఆలోచించలేదు. "అలాంటిదేం లేదండీ" అంది. ఆయన ఎక్కడో టిక్కు పెట్టుకున్నాడు. మూడు తరాల సంగతి నాలుగు సెకన్లలో తేలిపోయింది. అమ్మ అబద్ధం చెప్పిందని నేను ఇప్పటికీ అనుకోను. చిన్నత్తకి వచ్చింది గర్భసంచి జబ్బు, నాన్నమ్మకి వచ్చింది నోట్లో పుండు, తాతయ్య పోయింది కామెర్లతో. ఇవన్నీ అందరి ఇళ్లలో ఉండేవే కదా, "అలాంటివి" ఎలా అవుతాయి?

ఇది 2023 నాటి మాట. అక్కకి అప్పుడు 41. బయాప్సీ రిపోర్టులో ట్రిపుల్ నెగటివ్ అని వచ్చింది. అది వినగానే అమ్మ ముఖం వెలిగిపోయింది. కరోనా పుణ్యమా అని మా ఇంట్లో నెగటివ్ అంటే శుభవార్త, మూడుసార్లు నెగటివ్ అంటే మరీ మంచిదనుకుంది పాపం. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్ల గ్రాహకాలు, హెర్2 అనే ప్రొటీన్, ఈ మూడింటికీ నెగటివ్ అని, అందుకే హార్మోన్ మాత్రలు దీని మీద పనిచేయవని, కీమో తప్పదని ఆమెకి చెప్పే పని నాకు పడింది. రెండో కీమోకి వెళ్లినప్పుడు వేరే డాక్టరమ్మ, చిన్నావిడ, ఫైలు మొత్తం తిరగేసి, ఈ వయసులో ఈ రకం వచ్చిందంటే జన్యు పరీక్ష చేయించాల్సిందే, ముందు జెనెటిక్ కౌన్సెలర్‌ని కలవండి అని రాసిచ్చింది.

కౌన్సెలర్ మాకో పెద్ద కాగితం ఇచ్చింది. మూడు తరాలు గీయాలి. మగవాళ్లకి చదరం, ఆడవాళ్లకి గుండ్రం, పోయినవాళ్ల బొమ్మ మీద ఏటవాలుగా ఒక గీత, క్యాన్సర్ వచ్చినవాళ్ల బొమ్మ నల్లగా నింపాలి, పక్కన ఏ వయసులో ఏ చోట వచ్చిందో రాయాలి. అక్క బొమ్మకి బాణం గుర్తు. అక్కకి కూర్చునే ఓపిక లేదు, బావకి మా వంశం తెలీదు, అమ్మానాన్నలు "మాకేం గుర్తుంటాయే" అనేశారు. కాగితం నా చేతిలోకి వచ్చింది. ఒక సాయంత్రం కూర్చుని నాలుగు ఫోన్లు చేస్తే అయిపోతుంది అనుకున్నాను. అయిదు నెలలు పట్టింది.

మొదటి ఫోన్ పెద్దత్తకి. నాన్నకి అక్క, 72 ఏళ్లు, పలాస దగ్గర పల్లెలో ఉంటుంది, మా ఇంట్లో ఎవరు ఎప్పుడు పుట్టారో తిథితో సహా చెప్పగలదు. నేను తెలివితక్కువగా సూటిగా అడిగేశాను, "అత్తా, మనవాళ్లలో ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందా?" అని. అటువైపు కాసేపు నిశ్శబ్దం. తర్వాత, "ఏటే గుంటా, పొద్దు గూకినేళ ఆ మాటలు? మనకేటి అలాంటివి, మీ అమ్మోళ్ల తరఫునుంచొచ్చుంటాది" అని పెట్టేసింది. ఆ రెండో ముక్క అమ్మకి చెప్పలేదు. చెప్పక్కర్లేదని తర్వాత తెలిసింది, అక్కకి జబ్బు తేలిన వారం రోజుల్లోనే ఆ మాట ఎవరి ద్వారానో అమ్మ చెవిన పడిందట. అమ్మ నాలుగు నెలలు ఆ మాట మోసుకుని తిరిగింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మాది ఉద్దానం పక్క ఊరు. ఉద్దానం అంటే కిడ్నీ జబ్బులు, అది రాష్ట్రమంతా తెలుసు. మా ఊళ్లో ఏ ఇంటికి వెళ్లినా "మా ఆయనకి క్రియాటినిన్ ఇంత" అని కూర ధర చెప్పినట్టు చెప్తారు, డయాలసిస్ ఏ వారం ఎక్కడో పిల్లలకి కూడా నోటికొచ్చు. అది నీళ్ల వల్లనో, నేల వల్లనో ఊరందరికీ వచ్చింది, ఎవరి తప్పూ కాదు అనుకుంటారు కాబట్టి దాచరు. అదే ఊళ్లో, అదే మనుషులు, క్యాన్సర్ అనే మాట మాత్రం ఎత్తరు. "ఆ జబ్బు" అంటారు, "పెద్ద జబ్బు" అంటారు, కంతి, గడ్డ, పుండు అంటారు. హైదరాబాదుకి వచ్చాక మా చుట్టాల్లో ఇంకో పద్ధతి గమనించాను, "బసవతారకంలో చూపిస్తున్నారు" అని ఆసుపత్రి పేరు చెప్పి ఊరుకుంటారు, వినేవాళ్లు "అయ్యో" అంటారు, అక్కడితో సరి. ఎన్టీఆర్ భార్య క్యాన్సర్‌తో పోతే ఆవిడ పేరుతో కట్టిన ఆసుపత్రి అది. ఇప్పుడు ఆ పేరే జబ్బుకి మారుపేరైంది.

నేను చేతులెత్తేసి కౌన్సెలర్ దగ్గరికి వెళ్లి, మావాళ్లు చెప్పరండీ అన్నాను. ఆవిడ ఏమీ ఆశ్చర్యపోలేదు. "జబ్బు పేరు అడక్కండి, ఏం జరిగిందో అడగండి" అంది. ఏ ఊరి ఆసుపత్రికి తీసుకెళ్లారు, ఎన్నిసార్లు వెళ్లారు, జుట్టు ఊడిందా, కరెంటు పెట్టారా (రేడియేషన్‌ని మావైపు అలాగే అంటారు, ఆవిడకి ఆ మాట తెలుసు), పొట్ట ఉబ్బిందా, అప్పటికి చంటిపిల్ల ఎవరు. వయసు ఎవరికీ గుర్తుండదు గానీ, అప్పుడు ఎవరి పెళ్లి జరిగిందో, ఏ తుఫాను వచ్చిందో గుర్తుంటుంది, దాన్నిబట్టి లెక్క కట్టుకోవచ్చు అని చెప్పింది.

ఈసారి ఫోన్ చేయలేదు, విశాఖ దాకా రైల్లో వెళ్లి అక్కణ్ణుంచి బస్సెక్కి ఊరెళ్లాను. పెద్దత్తతో కూర్చుని జీడిపిక్కలు వలుస్తూ నాన్నమ్మ గురించి అడిగాను. నాన్నమ్మ అడ్డపొగ తాగేది. మా తీరంలో పాతతరం ఆడవాళ్లకి అది మామూలు అలవాటు, చుట్ట వెలిగించిన కొసని నోట్లోపల పెట్టుకుని పీల్చడం. 94లో అంగిట్లో పుండు పడి పోయింది. ఇది చెప్పడానికి అత్తకి ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే ఆ జబ్బుకి కారణం చుట్ట, వంశం కాదు. కౌన్సెలర్ కూడా అదే అంది, రాసుకుంది గానీ దాని మీద ఆగలేదు.

తర్వాత తాతయ్య చెల్లెలు. ఆవిడ ఉండేదనే నాకు తెలీదు. "పాలు పడక రొమ్ము గడ్డ కట్టింది, చంటోడికి ఏడాది నిండకుండానే పోయింది" అంది అత్త. ఎప్పుడత్తా అంటే, నక్సలైట్ల గొడవలప్పుడు, పోలీసు జీపులు తిరిగే రోజుల్లో అంది. అంటే 69, 70. ఆ చంటోడు ఇప్పుడు పలాసలో జీడిపప్పు బట్టీ నడుపుతున్నాడు, అతని పైన నలుగురు పిల్లలు, పెద్దవాడి వయసుని బట్టి చూస్తే ఆవిడ పోయేనాటికి ముప్పై అయిదు దాటి ఉండదు. పాలు గడ్డకడితే చీము పట్టి జ్వరం రావాలి, నెలల తరబడి రాయిలా పెరిగి చంకలోకి పాకదు. అత్త "చంకలోకి కూడా దిగింది" అని తన చెయ్యి ఎత్తి చూపించిన క్షణంలో నాకు వలిచే పిక్క చేతిలోంచి జారిపోయింది. కౌన్సెలర్ ఆ గుండ్రాన్ని నల్లగా నింపలేదు, సగం నింపి ప్రశ్నార్థకం పెట్టింది. తాతయ్య కామెర్లకీ అంతే. పసరు మందు తాగి పోయాడు, పొట్టలో ఏముందో ఎవరు చూశారు?

పెద్దత్త తన సంగతి కూడా చెప్పింది, అడక్కుండానే. 34 ఏళ్లకే గర్భసంచి తీసేశారు. ఇది మావైపు ఎంత మామూలంటే, అత్త చెప్పుకోదగ్గ విషయంలా కూడా చెప్పదు. దేశంలో చిన్నవయసులోనే గర్భసంచులు తీసేయడం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్ర, తెలంగాణ ముందుంటాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెప్తూనే ఉన్నాయి. కౌన్సెలర్ మాత్రం దీని దగ్గర చాలాసేపు ఆగింది. అండాశయాలు కూడా తీశారా, ఉంచారా? తీసేసి ఉంటే ఆవిడకి రావాల్సింది రాకుండా పోయి ఉండొచ్చు, ఆరోగ్యంగా 72 దాటిందని ఆవిడలో ఈ జబ్బు తెచ్చే జన్యు లోపం లేదనుకోలేం. ఎవరికి తెలుసు? కాగితాలు లేవు, ఆ నర్సింగ్‌హోమే లేదు.

ఇక "గర్భసంచి" అనే మాట చేసిన గందరగోళం అంతా ఇంతా కాదు. అమ్మ తరఫున అమ్మమ్మ చెల్లెలికి గర్భసంచి జబ్బు, నాన్న తరఫున చిన్నత్తకి గర్భసంచి జబ్బు. నేను రెండు గుండ్రాలూ నల్లగా నింపి పట్టుకెళ్లాను. కౌన్సెలర్ ఒక్కొక్కటీ విప్పింది. అమ్మమ్మ చెల్లెలికి ఏళ్ల తరబడి తెల్లబట్ట, రక్తం, విశాఖలో నెల రోజులపాటు కరెంటు పెట్టారు. అది గర్భాశయ ముఖద్వారం అయ్యుంటుంది, హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వచ్చేది, వంశంతో దాదాపు పనిలేదు. చిన్నత్తకి రక్తం లేదు, ఏమీ లేదు, ఉన్నట్టుండి పొట్ట ఉబ్బింది, అన్నం సయించలేదు, విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో సూదితో పొట్టలోంచి రెండుసార్లు నీళ్లు తీశారు, ఆరు నెలల్లో పోయింది. 1998, ఆవిడకి 39. "ఇది గర్భసంచి కాకపోవచ్చు. కాగితం ఏదైనా దొరుకుతుందా?" అంది కౌన్సెలర్.

కాగితం మామయ్య దగ్గర ఉంది. చిన్నత్త పోయాక రెండేళ్లకి ఆయన మళ్లీ పెళ్లి చేసుకున్నాడని నాన్న ఆయనతో మాటలు తగ్గించేశాడు, రాకపోకలు లేవు. నేను సోంపేట వెళ్లి తలుపు తడితే మారుమాట లేకుండా లోపలికి రమ్మన్నాడు. తిత్లీ తుఫానుకి ఇంటి రేకులు లేచిపోయినా ఇనప్పెట్టె మాత్రం తడవకుండా కాపాడుకున్నాడట. అందులో పట్టాదారు పాసుపుస్తకం, రేషన్ కార్డు, వాటి మధ్య నాలుగు మడతలు పెట్టిన బయాప్సీ కాగితం. టైప్ మిషన్ మీద కొట్టిన అక్షరాలు, పసుపురంగుకి మారిన కాగితం. "క్యాన్సరమ్మా. ఓవరీలో" అన్నాడు. మా ఇంటి మనుషుల్లో ఆ మాట పూర్తిగా, స్పష్టంగా పలికింది నేను విన్నంతలో ఆయన ఒక్కడే, ఆయన మా రక్తం కూడా కాదు. పాతికేళ్లు ఆ కాగితం ఎందుకు దాచారు మామయ్యా అంటే, "పిల్ల అడిగితే చూపిద్దామని" అన్నాడు. పిల్ల ఎప్పుడూ అడగలేదు. ఈయన ఎప్పుడూ చెప్పలేదు.

పిల్ల అంటే చిన్నత్త కూతురు, నాకంటే ఏడాది చిన్నది, డల్లాస్‌లో ఉంటుంది. తల్లి పోయినప్పుడు దానికి పన్నెండేళ్లు, గర్భసంచి ఆపరేషన్ వికటించి పోయిందని చెప్పారు. అక్కడ ప్రతి డాక్టరూ మొదటి రోజే కుటుంబ చరిత్ర రాయించుకుంటారు కదా, ఇద్దరు పిల్లల కాన్పులకీ అది "తల్లి: ఆపరేషన్ సమస్యలు" అని రాసి సంతకం పెట్టింది. నేను ఆ కాగితం ఫోటో పంపేముందు గంటసేపు చేతిలో ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. పంపాక అది చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత ఫోన్ చేసి "అంటే మా అమ్మ డాక్టర్ల తప్పు వల్ల పోలేదన్నమాట. నేను ఇన్నేళ్లూ ఎవరో తెలియని డాక్టర్‌ని తిట్టుకుంటూ బతికాను" అంది. తర్వాత అది కూడా పరీక్ష చేయించుకుంది. ఏం వచ్చిందనేది దాని సంగతి, ఇక్కడ రాయను.

కాగితం చూసి కౌన్సెలర్ "సీరస్ రకం" అన్న చోట గీత గీసింది. బ్రాకా (బీఆర్‌సీఏ) అని కొన్ని జన్యువులు ఉంటాయి, వాటిలో లోపం ఉంటే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది, అలాంటివాళ్లకి వచ్చే అండాశయ క్యాన్సర్లలో ఎక్కువ ఈ రకమేనట. ఆవిడ గీసిన బొమ్మలో తాతయ్య చెల్లెలు, ఆ కింద చిన్నత్త, ఆ కింద అక్క మెట్లుమెట్లుగా కనిపిస్తున్నారు, వాళ్లని కలిపే గీతలు మాత్రం తాతయ్య మీదుగా, నాన్న మీదుగా పోతున్నాయి. ఇద్దరూ మగవాళ్లు, ఇద్దరి చదరాల్లో ఏదీ పూర్తిగా నల్లగా లేదు. ఇదే మా ఎవరి బుర్రకీ తట్టని సంగతి. రొమ్ము జబ్బు ఆడవాళ్ల జబ్బు, వస్తే తల్లి నుంచే రావాలి అని అమ్మతో సహా అందరం అనుకున్నాం. ఆ జన్యువుల్లో మొదటిది, బీఆర్‌సీఏ1, 17వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, తండ్రికైనా తల్లికైనా ఒకేలా ఉంటుంది, అందులో లోపం ఉంటే అది ఎవరి నుంచైనా సగానికి సగం అవకాశంతో పిల్లలకి వస్తుంది. మగవాళ్లలో ఎక్కువమందికి ఏమీ కాదు, కనక బయటపడదు. అక్కచెల్లెళ్లు లేని తండ్రి అయితే అసలే తెలీదు.

ఇంకో తమాషా ఏంటంటే మా వంశవృక్షంలో ఒకచోట జంట గీత గీయాల్సి వచ్చింది. దగ్గరి చుట్టరికంలో పెళ్లయితే అలా గీస్తారట. బాబాయ్ పెద్దత్త కూతుర్నే చేసుకున్నాడు, అంటే సొంత మేనకోడల్ని. నాకు అయిదేళ్లప్పుడు వదిన కాస్తా పిన్ని అయింది. కౌన్సెలర్ రెండుసార్లు అడిగి రాసుకుంది. వాళ్ల పిల్లలకి ఈ జన్యువు తండ్రి వైపు నుంచీ రావచ్చు, తల్లి వైపు నుంచీ రావచ్చు.

అక్క రక్తం ఇచ్చింది, మామూలుగానే చేతినుంచి ఒక ట్యూబు. జబ్బు వచ్చినవాళ్లకే ముందు చేయాలి, వాళ్లలో ఏ మార్పు ఉందో తెలిస్తే మిగతావాళ్లకి ఆ ఒక్కటే చూస్తే సరిపోతుంది, ఖర్చు కూడా తగ్గుతుంది. నెల తర్వాత వచ్చింది: బీఆర్‌సీఏ1, హానికరమైన మార్పు. తర్వాత నాన్న ఇచ్చాడు. ఆయనకీ అదే వచ్చింది.

ఆ రిపోర్టు నేనే చదివి వినిపించాను. ఈ మార్పు ఉన్న ఆడవాళ్లలో నూటికి అరవై, డెబ్బై మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు రొమ్ము క్యాన్సర్, నలభై మంది వరకూ అండాశయ క్యాన్సర్ వస్తాయట. రొమ్ము క్యాన్సర్లన్నిట్లో ఇలా వంశంలో వచ్చేవి నూటికి అయిదు నుంచి పది మాత్రమేనని, మేం ఆ కొద్దిమందిలో పడ్డామని చెప్పాను. నాన్న "నేనిచ్చానా?" అన్నాడు. అంతే, రెండు రోజులు పేపరు చదవలేదు. అమ్మ వంటింట్లోకి వెళ్లి చాలాసేపు గిన్నెలు సర్దింది. నేను ఆమె సంతోషపడుతుందేమో, కనీసం "మా తరఫు కాదన్నమాట" అంటుందేమో అనుకున్నాను. అనలేదు. రాత్రి నాన్నకి మజ్జిగన్నం కలిపి పెట్టి, "మీ చెల్లెలికి తెలిసుంటే మందు దొరికేదేమో కదండీ" అంది. వీళ్లిద్దరి మధ్య చిన్నత్త ప్రస్తావన అన్నేళ్ల తర్వాత రావడం నాకు తెలిసి అదే మొదలు. వారం పోయాక అక్క గుండు మీద స్కార్ఫ్ సర్దుకుంటూ "ఆస్తి ఇంకా పంచలేదు గానీ నాన్న ఇదొక్కటి మాత్రం నా పేర రాసేశాడు" అంది, నాన్న పక్కనే ఉన్నాడు, నాకు గుండె ఆగినంత పనైంది. ఆయన నవ్వాడు. గట్టిగా నవ్వాడు.

నాకు ఆ మార్పు లేదు. ఆ మెయిల్ వచ్చినప్పుడు నేను ఆఫీసు లిఫ్ట్‌లో ఉన్నాను. అక్కకి చెప్పడానికి మూడు రోజులు పట్టింది, ఎందుకని అడిగితే నా దగ్గర జవాబు లేదు. అక్క కీమో అయ్యాక రొమ్ముల ఆపరేషన్, తర్వాత అండాశయాలు, వాటి నాళాలు కూడా తీయించుకుంది, దాని కథ వేరే.

బాబాయ్ సంగతి చెప్పలేదు. వాళ్లమ్మాయికి పాతికేళ్లు, సంబంధాలు చూస్తున్నారు. నాన్న ఫోన్ చేసి పరీక్ష మాట ఎత్తగానే ఆయన నాకు ఫోన్ చేశాడు. "మా పేర్లు ఏమైనా పెట్టావా ఆ కాగితంలో?" అన్నాడు. పేర్లేం ఉండవు బాబాయ్, చదరాలు, గుండ్రాలు అంతే అన్నాను. "గుండ్రమైనా అది నా కూతురే కదమ్మా" అన్నాడు. కోపంగా అనలేదు, అదే ఎక్కువ కష్టంగా అనిపించింది. పెళ్లికి ముందే తెలిస్తే సంబంధం రాదు, పెళ్లయ్యాక తెలిస్తే దాచామంటారు, మరి ఎప్పుడు తెలుసుకోమంటావు చెప్పు అన్నాడు. నేను పాతికేళ్ల నుంచే ఎమ్మారై స్కాన్‌లతో కనిపెట్టుకుని ఉండొచ్చనీ, పిల్లలు పుట్టాక అండాశయాల సంగతి ఆలోచించుకోవచ్చనీ, అంతా చెప్పాను. విన్నాడు. సరేనమ్మా, చూద్దాం అన్నాడు. మావైపు "చూద్దాం" అంటే ఏంటో తెలుసు కదా. తర్వాత ఎనిమిది నెలలు ఆ ఇంటినుంచి ఒక్క ఫోన్ లేదు, సంక్రాంతికి కూడా రాలేదు. పెద్దత్త మాత్రం ఫోన్ చేసి "నీకేటి పని లేదేటే, ఉన్నూరు అంతా తవ్వుతున్నావు" అని తిట్టింది. తిడుతూనే, తాతయ్యకి ఇంకో చెల్లెలు కూడా ఉండేదని, బరంపురం ఇచ్చారని, ఆవిడ మనవరాలి నంబరు సంపాదించాననీ చెప్పింది.

పోయిన నెల రాత్రి పదిన్నరకి పిన్ని నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. పలకరింపు లేదు, ముందువెనకలు లేవు. "ఆ రక్తపరీక్షకి పరగడుపున వెళ్లాలా?" అని ఉంది.

అక్కర్లేదు పిన్నీ, టిఫిన్ తిని వెళ్లొచ్చు అని పెట్టాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి.